మన భక్తిని పక్కవాళ్ళకి ఎలా చెప్పాలి? పాల్కురికి సోమనాథుడి జీవితం నాకు నేర్పింది

 

ఈ వారం మన ఛానెల్లో పాల్కురికి సోమనాథుడి జీవితం మీద వీడియో పెట్టాం. ఎప్పటిలాగే వీడియోలో పట్టనివి కొన్ని మిగిలిపోయాయి, వాటిని ఇక్కడ రాస్తున్నా. కానీ ఈసారి ఇంకో కారణం కూడా ఉంది. ఆయన గురించి చదువుతున్నప్పుడు నేను చేసిన రెండు తప్పులు నాకు కనపడ్డాయి. కెమెరా ముందు చెప్పడానికి ధైర్యం చాలలేదు. రాయడం కొంచెం తేలిక.

మాది కేతేపల్లి. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే హైవే మీద, నకిరేకల్ దాటాక, సూర్యాపేట ఇంకా రాకముందు తగుల్తుంది. సంక్రాంతికి కార్లు బారులు తీరే కొర్లపహాడ్ టోల్‌గేట్ తెలుసు కదా, అది మా మండలమే. మూసీ ప్రాజెక్టు నీళ్ళతో వరి పండే ఊళ్ళు మావి. చదువు కోసం హైదరాబాద్ వచ్చి, ఉద్యోగంలో పడి, శివుడి మీద ఇష్టంతో వీడియోలు చేయడం మొదలుపెట్టా.

మొదటి తప్పు. పోయిన కార్తీకంలో ఊరికి వెళ్ళినప్పుడు, నేను చేసిన శివతత్త్వం వీడియో మా నానమ్మకి చూపించా. నెల రోజులు కష్టపడి రాసిన స్క్రిప్ట్ అది. నిర్గుణం, సగుణం, పంచకృత్యాలు, అన్నీ ఉన్నాయి. రెండు నిమిషాలు ఓపికగా చూసి, మాటలు మంచిగనే ఉన్నాయి కానీ ఏం చెప్తున్నానో తెలవలేదంది. తర్వాత ఫోన్ పక్కన పెట్టి, తను శివుడితో ఎట్లా మాట్లాడుతుందో చెప్పడం మొదలుపెట్టింది. సోమవారం గుడికి పోయి నీళ్ళు పోస్తుందట. వానలు పడని ఏడాది ఆయన్ని తిట్టి వస్తుందట. చలికాలం ఆ చన్నీళ్ళు పోస్తుంటే పాపం అనిపిస్తుందట. నేను విని నవ్వేసి లేచి వచ్చేశా. ఆమెకి తత్త్వం తెలియదు అనుకున్నా.

రెండో తప్పు ఇంకా పెద్దది. ఒకసారి వ్యూస్ తగ్గాయని, ఇంకో మతం వాళ్ళని వెక్కిరిస్తూ ఒక వీడియో చేశా. థంబ్‌నెయిల్ కూడా అలాంటిదే పెట్టా. అనుకున్నట్టే బాగా పోయింది. వారం తర్వాత నాతో బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితుడు ఫోన్ చేశాడు. వాళ్ళింట్లో అందరూ చర్చికి పోతారు. గొడవేం పెట్టుకోలేదు. ఒక్కటే అడిగాడు. ఆ వీడియో చూసినవాళ్ళకి శివుడి మీద ఇష్టం పెరగాలని చేశానా, తన మీద అసహ్యం పెరగాలని చేశానా అని. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు సోమనాథుడి దగ్గరికి వద్దాం. ఎందుకంటే ఈ రెండు తప్పుల్లో ఒకదానికి ఆయన జీవితమే మందు. రెండోదానికి ఆయన జీవితమే హెచ్చరిక.

ఎవరీ సోమనాథుడు?

ఇప్పటి జనగామ జిల్లాలో పాలకుర్తి అనే ఊరుంది. పాత పేరు పాల్కురికి. కాకతీయుల ఓరుగల్లుకి దగ్గర్లోనే. ఆ ఊరివాడు కాబట్టి పాల్కురికి సోమనాథుడు. తల్లి శ్రియాదేవి, తండ్రి విష్ణురామిదేవుడు. ఆయన కాలం గురించి పండితుల్లో రెండు వర్గాలున్నాయి. 13వ శతాబ్దం మొదటి సగం అని కొందరు, చివరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి కాలం అని ఇంకొందరు. ఎటు చూసినా కాకతీయుల కాలమే. మా సూర్యాపేట పక్కన పిల్లలమర్రి గుళ్ళు, నల్గొండ పక్కన పానగల్లు గుళ్ళు చూశారా? అలాంటి శివాలయాలు ఊరూరా వెలిసిన రోజులన్నమాట. ఊరికి చెరువు, చెరువు పక్కన గుడి. శివుడు అప్పటికే ఊరి మధ్యలో ఉన్నాడు.

మరి సోమనాథుడు కొత్తగా ఏం చెప్పాలి?

ఇక్కడే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 12వ శతాబ్దంలో కన్నడ దేశంలో కల్యాణం అనే నగరాన్ని బిజ్జలుడు ఏలేవాడు. ఆయన కొలువులో భండారం చూసే మంత్రి బసవన్న. చిన్నప్పుడే ఉపనయనం వద్దని ఇల్లు వదిలిన బ్రాహ్మణ పిల్లవాడు. శివభక్తుడికి కులం లేదన్నాడు. చేసే పనే పూజ అన్నాడు. చాకలి, కుమ్మరి, చెప్పులు కుట్టేవాడు, పడవ నడిపేవాడు అందరూ ఆయన చుట్టూ చేరారు. వాళ్ళు మామూలు కన్నడంలో చెప్పుకున్న మాటలే వచనాలు. చివరికి కల్యాణంలో పెద్ద అల్లకల్లోలం జరిగి భక్తులు చెల్లాచెదురయ్యారు. బసవన్న లింగైక్యం చెందాడు.

తెలుగు నేల మీద అదే కాలంలో మల్లికార్జున పండితారాధ్యుడు శివభక్తిని ప్రచారం చేస్తున్నాడు. బసవన్నని చూడాలని కల్యాణానికి బయల్దేరాడు. దారిలో ఉండగానే బసవన్న ఇక లేడనే వార్త వచ్చింది. ఇద్దరు మహానుభావులు, ఒకరినొకరు చూసుకోకుండానే అయిపోయింది. ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది.

ఇవన్నీ సోమనాథుడికి అందింది పుస్తకాల్లో కాదు, భక్తుల నోట. శ్రీశైలం నడిచిపోయే యాత్రికులు చెప్పుకున్న కథలు, గుళ్ళ ముందు పాడుకున్న పాటలు. వాటిని తెలుగువాళ్ళ అందరి ఇళ్ళకి చేర్చాలి. అదీ ఆయన ముందున్న పని.

ఆయన తీసుకున్న పెద్ద నిర్ణయం

సోమనాథుడు చదువు తక్కువైనవాడేం కాదు. వేదాలు, ఆగమాలు, సంస్కృతం, కన్నడం అన్నీ వచ్చు. సంస్కృతంలో సోమనాథ భాష్యం రాశాడు. అప్పటికి తెలుగులో గౌరవం ఉన్న పద్ధతి ఒకటుంది. నన్నయ భారతం మొదలుపెట్టిన దారి అది. పద్యాలు, మధ్యలో వచనం, నిండా సంస్కృత సమాసాలు. ఆ దారిలో రాస్తే రాజుగారి కొలువులో మెప్పు దొరికేది. ఆయనకి అది చేతకాక కాదు.

కానీ ఆయన ద్విపదని ఎంచుకున్నాడు.

ద్విపద అంటే పేరులోనే ఉంది, రెండు పాదాలు. ఒక్కో పాదంలో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. రెండు పాదాలకీ ప్రాస. అంతే. గణాలు ఏంటో తెలియకపోయినా ఫర్వాలేదు, దాని నడక చెవికి వెంటనే దొరుకుతుంది. దంచేటప్పుడు పాడుకోవచ్చు, విసిరేటప్పుడు పాడుకోవచ్చు. ఒకళ్ళు పాడితే పదిమంది అందుకోవచ్చు. చదవడం రాకపోయినా నాలుగుసార్లు వింటే నోటికి వచ్చేస్తుంది. అంటే పుస్తకం అవసరం లేని పుస్తకం అన్నమాట!

భాష కూడా అంతే. దానికి ఆయన పెట్టిన పేరు జాను తెనుగు. అందరికీ తెలిసిన, చెవికి ఇంపైన తెలుగు. పెద్ద పెద్ద గద్యపద్యాల కంటే ఇదే నలుగురికీ రుచిస్తుందని, అందుకే కావాలనే ద్విపదలో రాస్తున్నానని బసవపురాణం మొదట్లోనే చెప్పుకున్నాడు. తేలిక మాట కదా అని చిన్నచూపు చూడొద్దనీ, ఇది వేదాలతో సమానమనీ కూడా అన్నాడు.

ఆ మాట ఎందుకు చెప్పాల్సి వచ్చిందో ఆలోచించండి. చిన్నచూపు చూసేవాళ్ళు ఉన్నారు కాబట్టే. తర్వాతి కాలంలో పిడుపర్తి సోమన అనే కవి చెప్పిన కథ ఒకటుంది. ఓరుగల్లు గుడిలో భక్తులు కూర్చుని బసవపురాణం వింటుంటే ప్రతాపరుద్రుడు అటు వచ్చాడట. ఏంటది అని అడిగాడట. పక్కనున్న ఒక పండితుడు, అది ఈమధ్య పాల్కురికి సోమనాథుడు అల్లిన ద్విపద అనీ, దానికి ప్రమాణం ఏమీ లేదనీ తీసిపారేశాడట. రాజు వెళ్ళిపోయాడట.

ఈ కథలో రాజు వెళ్ళిపోయాడు సరే, వింటున్న భక్తుల సంగతేంటి? వాళ్ళు లేచి వెళ్ళారని కథ చెప్పదు. నాకైతే వాళ్ళు వింటూనే ఉన్నారనిపిస్తుంది. సోమనాథుడు రాసింది వాళ్ళ కోసమే కదా.

చెప్పే ముందు విన్నాడు

నాకు అన్నిటికంటే నచ్చిన విషయం ఇది. వీడియోలో సరిగ్గా చెప్పలేకపోయింది కూడా ఇదే.

బసవపురాణం ఏడు ఆశ్వాసాల గ్రంథం. గొబ్బూరి సంగనామాత్యుడికి చెప్తున్నట్టుగా సాగుతుంది. పేరు బసవపురాణం అయినా సగానికి సగం బసవన్న కథ కాదు. ఎవరెవరో భక్తుల కథలు. వాళ్ళెవరో చూడండి.

మడివాలు మాచయ్య చాకలి. భక్తుల బట్టలు మాత్రమే ఉతుకుతాడు. ఉతికిన మూట ఎవరికీ తగలకుండా గంట కట్టుకుని వస్తాడు. కల్యాణం వీధుల్లో రాజుకి కూడా బెదరడు.

కుమ్మర గుండయ్య కుండలు చేస్తాడు. చేసిన కుండ మీద దరువేసుకుంటూ శివుణ్ణి తలచుకుని ఆడతాడు. ఆ దరువు విని కైలాసంలో శివుడు కూడా ఆడాడట.

మాదర చెన్నయ్య కరికాల చోళుడి గుర్రాలకి గడ్డి కోసే మాదిగ. ఎవరికీ తెలియకుండా రోజూ శివుడికి అంబలి పెడతాడు. రాజు పెట్టే పంచభక్ష్యాల కంటే శివుడికి ఆ అంబలే రుచించిందట.

గొడగూచి చిన్నపిల్ల. గుడిలో దేవుడికి పాలు ఇచ్చి రమ్మని తండ్రి పంపిస్తే, దేవుడు నిజంగానే తాగుతాడనుకుంది. తాగకపోయేసరికి ఏడ్చింది, బతిమాలింది. శివుడు వచ్చి తాగక తప్పలేదు.

ఇక బెజ్జ మహాదేవి. అందరికీ అమ్మ ఉంది, శివుడికి అమ్మ లేదు కదా అని ఆమెకి బాధ కలిగింది. అమ్మే ఉంటే ఆయన్ని జడలు కట్టనిస్తుందా, బూడిద పూసుకోనిస్తుందా, విషం తాగనిస్తుందా అనుకుంది. సరే, నేనే అమ్మనవుతా అని లింగానికి నూనె రాసి, నలుగు పెట్టి, నీళ్ళు పోసి, బువ్వ పెట్టింది. శివుడు ఆమె ప్రేమ చూద్దామని గొంతులో జబ్బు వచ్చినట్టు నటిస్తే, పసిపిల్లాడికి జబ్బు చేసిన తల్లిలా అల్లాడిపోయింది.

ఇక్కడి దాకా చదివి నేను పుస్తకం మూసేశా. మా నానమ్మ గుర్తొచ్చింది. చన్నీళ్ళు పోస్తుంటే శివుడి మీద పాపం అనిపించే మా నానమ్మ. ఆమెకి తత్త్వం తెలియదనుకుని నేను నవ్వి వచ్చేశా. సోమనాథుడైతే కూర్చుని వినేవాడు. విని, పురాణంలో ఒక అధ్యాయం రాసేవాడు.

తేడా అర్థమైందా? నేను నా దగ్గరున్నది ఆమెకి ఇద్దామని వెళ్ళా. ఆమె దగ్గర ఏముందో చూడలేదు. సోమనాథుడు ముందు జనం దగ్గరున్న భక్తిని తీసుకున్నాడు. దాన్నే మెరుగుపెట్టి వాళ్ళ చేతికి తిరిగి ఇచ్చాడు. అది తమదే కాబట్టి వాళ్ళు దాన్ని వదల్లేదు.

ఆయన రెండో పెద్ద గ్రంథం పండితారాధ్య చరిత్ర కూడా ఇలాంటిదే. అందులో ఐదు ప్రకరణాలున్నాయి. చివరిది పర్వత ప్రకరణం, శ్రీశైలం యాత్ర. శివరాత్రికి నడిచిపోయే జనం, వాళ్ళు పాడుకునే తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, ప్రభాత పదాలు, వాళ్ళు ఆడే ఆటలు, బొమ్మలాటలు అన్నీ అందులో రాసుకుంటూ పోయాడు. ఆ కాలంలో తెలుగువాళ్ళు ఏం పాడుకున్నారో, ఏం ఆడుకున్నారో తెలుసుకోవాలంటే పరిశోధకులు ఇప్పటికీ ముందు ఆ పుస్తకమే తెరుస్తారు. భక్తి చెప్పడానికి వెళ్ళినవాడు జనాన్ని అంత శ్రద్ధగా చూశాడన్నమాట.

ఎవరికి ఎలా చెప్పాలో అలా

అలాగని అందరికీ ఒకటే మందు వేయలేదు. వేదం చదివినవాళ్ళు ఒప్పుకోవాలంటే వేదంలోంచే చూపించాలి. వాళ్ళ కోసం చతుర్వేదసారం రాశాడు. సాధన చేసేవాళ్ళకి అనుభవసారం. రోజూ ఒక పద్యం చదువుకునేవాళ్ళకి వృషాధిప శతకం. తెలుగులో మనకి దొరికే మొదటి శతకాల్లో అదొకటి. దాంట్లో ఒక సరదా ఉంది. కొన్ని పద్యాలు కన్నడం, తమిళం, మరాఠీ, సంస్కృతం కలిపి రాశాడు. శ్రీశైలం దగ్గర ఏ భాష యాత్రికుడు పక్కన నడిచినా పలకరించగలడన్నమాట. పాడుకునేవాళ్ళకి రగడలు. ఉదాహరణం అనే ప్రక్రియకి తెలుగులో దారి వేసింది కూడా ఆయన బసవోదాహరణమే.

ఈ రోజుల్లో మనం ఒకే విషయాన్ని పెద్ద వీడియోగా, రీల్‌గా, పాడ్‌కాస్ట్‌గా చేస్తాం కదా. ఆయన ఆ పని 700 ఏళ్ళ కిందటే తాటాకుల మీద చేశాడు. కాకపోతే మనం వ్యూస్ కోసం చేస్తాం. ఆయన ఎదుటి మనిషి కోసం చేశాడు.

వీడియోలో నేను దాటేసిన భాగం

ఇప్పుడు కష్టమైన విషయం.

సోమనాథుడి పుస్తకాల్లో ప్రేమ ఎంత ఉందో, కోపం కూడా అంతే ఉంది. శివుణ్ణి కొలవనివాళ్ళని ఆయన భవులు అంటాడు. వాళ్ళ ముఖం చూడొద్దు, వాళ్ళతో కలవొద్దు అనే మాటలు వస్తాయి. జైనులని ఓడించి వాళ్ళ బసదులు పగలగొట్టిన కథలు గొప్పగా చెప్తాడు. పండితారాధ్య చరిత్రలో బౌద్ధులతో వాదం చదివితే ఒళ్ళు గగుర్పొడుస్తుంది, అది మాటలతో ఆగలేదు. విష్ణుభక్తులని కూడా వదల్లేదు.

ఆ కాలమే అలాంటిది, అందరూ అలాగే ఉన్నారు అని సర్దిచెప్పొచ్చు. కొంత నిజమే. మతాల మధ్య పోటీ గట్టిగా ఉన్న రోజులవి. కానీ నేను వీడియోలో దాన్ని చెప్పకుండా దాటేసింది అందుకు కాదు. ఆ పేజీల్లో నాకు నా థంబ్‌నెయిల్ కనపడింది.

మన ప్రాంతాన్నే చూడండి. యాదాద్రి జిల్లాలో కొలనుపాక ఉంది. అక్కడ జైన మందిరం ఉంది, దేశమంతటి నుంచి జైనులు వస్తారు. అదే ఊళ్ళో సోమేశ్వరాలయం ఉంది, వీరశైవులకి రేణుకాచార్యుల క్షేత్రం. నాగారం దగ్గర ఫణిగిరి గుట్ట మీద బౌద్ధ స్తూపం శిథిలాలున్నాయి. మా నేలమీద అందరూ ఉన్నారు. ఒకళ్ళని కొట్టి ఇంకొకళ్ళు గెలిచామనుకున్న రోజులూ ఉన్నాయి. కానీ ఆ గెలుపుల వల్ల శివుడు ఎవరి గుండెలోకీ వెళ్ళలేదు. బెజ్జ మహాదేవి కథ వల్ల వెళ్ళాడు. గొడగూచి పాల వల్ల వెళ్ళాడు. 700 ఏళ్ళు దాటి నా దాకా వచ్చింది ఆ ప్రేమే. ఆ తిట్లు పుస్తకంలోనే ఉండిపోయాయి.

ఈ మాట నా స్నేహితుడితో అన్నప్పుడు వాడు తమవైపు కథ ఒకటి చెప్పాడు. వాళ్ళ చర్చిలో పాడే పాత తెలుగు కీర్తనల్లో చాలా వాటిని పురుషోత్తమ చౌదరి అనే ఆయన రాశాడట. 1803లో పుట్టి 1890 దాకా బతికిన మనిషి. ఒరియా ఇంటి భాషగా ఉన్న బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో క్రైస్తవుడై, తను నమ్మింది చెప్పడానికి మన రాగాల్లో, మన కీర్తనల పద్ధతిలో తెలుగు పాటలు కట్టాడు. తెల్లదొరల ఉపన్యాసాలు మర్చిపోయినవాళ్ళకి కూడా ఆ పాటలు గుర్తున్నాయన్నాడు. డోర్నకల్ సంగతి కూడా చెప్పాడు. అక్కడ 1912లో బిషప్ అయిన అజరయ్య తమిళుడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు. తిరునెల్వేలి నుంచి వచ్చి తెలుగు నేర్చుకుని, పల్లెల్లో తిరిగి, ఆఖరికి 1939లో ప్రతిష్ఠ జరిగిన పెద్ద చర్చిని కూడా గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిసిన రూపంలో కట్టించాడు.

వింటుంటే నాకు నవ్వొచ్చింది. మతం వేరు, కాలం వేరు, కానీ దారి అదే. ఎదుటివాడి భాష నేర్చుకో, వాడి పాటలో చెప్పు, వాడి ఇంటి గుమ్మం చూసి నీ గుమ్మం కట్టు. ఎవరు ఏ దేవుణ్ణి నమ్మినా మనసుకి చేరే తోవ ఒకటే ఉన్నట్టుంది. వాళ్ళ చరిత్రలోనూ మనవాళ్ళ దేవుళ్ళని తిట్టిన ఉపన్యాసాలు ఉన్నాయని వాడే ఒప్పుకున్నాడు. అవి కూడా ఎవరికీ గుర్తులేవు.

ఆయన తర్వాత

ద్విపద కదా, పండితులు పక్కన పెట్టారు కదా, మరి ఆ పుస్తకం ఏమైంది?

1369లో భీమకవి దాన్ని కన్నడంలోకి తీసుకెళ్ళాడు. గమనించండి, బసవన్న కన్నడ దేశంవాడు. ఆయన కథ తెలుగులో పుట్టి, సొంతింటికి తిరిగి వెళ్ళింది! తెలుగులో పిడుపర్తి సోమన దాన్నే పద్యాల్లో మళ్ళీ రాశాడు. 1926లో వేటూరి ప్రభాకరశాస్త్రి గారు పెద్ద పీఠికతో అచ్చువేయించాక ఆధునిక పాఠకుల చేతికి వచ్చింది. 1990లో వెల్చేరు నారాయణరావు, జీన్ రోఘేర్ గార్ల ఇంగ్లీషు అనువాదం అమెరికాలో అచ్చయింది. ఒకప్పుడు ప్రమాణం లేదని తీసేసిన పుస్తకం ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో పాఠం.

ఇంకో మాట. పాలకుర్తి పక్కనే బమ్మెర. భాగవతం రాసిన పోతన ఊరు. శివకవి ఊరికీ, రాముణ్ణి నమ్ముకున్న పోతన ఊరికీ మధ్య దూరం కొన్ని కిలోమీటర్లే.

నేను ఇప్పుడు ఏం చేస్తున్నా

మొదటిది, ఆ వెక్కిరింత వీడియో తీసేశా. మన ఛానెల్లో బాగా పోయిన వాటిల్లో అదొకటి, తీసేస్తుంటే వేలు ఆగింది. అబద్ధం చెప్పను. కానీ తీసేశాక స్నేహితుడికి ఫోన్ చేసి చెప్పా. వాడు ఏమీ అనలేదు, ఊరికి ఎప్పుడొస్తున్నానని అడిగాడు.

రెండోది, స్క్రిప్ట్ రాసే ముందు ఎవరో ఒకరి దగ్గర కూర్చుని వింటున్నా. గుడి ముందు కొబ్బరికాయలమ్మే ఆమె, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, మా ఆఫీసులో సోమవారం ఉపవాసం ఉండే అమ్మాయి. వాళ్ళకి దేవుడు ఎందుకు కావాలో, ఏ రోజు కావాలో అడుగుతున్నా. నేను పుస్తకాల్లో చదివింది వాళ్ళ మాటల్లోనే దొరుకుతోంది, చాలాసార్లు నా మాటకంటే బాగా.

మూడోది, రాసింది ముందు నానమ్మకి ఫోన్లో చదివి వినిపిస్తున్నా. ఆమెకి అర్థం కాని మాట ఉంటే ఆ మాట తీసేస్తున్నా. బెజ్జ మహాదేవి కథ చెప్పినప్పుడు మధ్యలో ఆపలేదు, ప్రశ్నలు వేయలేదు. అయిపోయాక, గొంతుకి ఏం మందు పెట్టిందని అడిగింది. తనకి తెలిసిన మందు చెప్పింది. శుంఠి, మిరియాలు, తేనె.

పోయిన నెల ఆమెని తీసుకుని పాలకుర్తి వెళ్ళా. సూర్యాపేట, తిరుమలగిరి మీదుగా పొద్దున బయల్దేరితే ఎండ ముదరకముందే చేరిపోయాం. అక్కడ గుట్ట మీద గుడి ఉంది. పేరు సోమేశ్వర లక్ష్మీనరసింహస్వామి దేవాలయం. ఒకే గుట్ట మీద శివుడూ ఉన్నాడు, నరసింహస్వామీ ఉన్నాడు. విష్ణుభక్తులని అంతగా తిట్టిన కవి ఊళ్ళో, ఆ ఊరి జనం ఇద్దరికీ కలిపి మొక్కుతున్నారు. సోమనాథుడు ఇచ్చిన ప్రేమని ఉంచుకుని, కోపాన్ని వాళ్ళే పక్కన పెట్టేశారు. ఏ పండితుడూ చెప్పకుండానే.

మా నానమ్మ ఇద్దరికీ దండం పెట్టింది. దిగేటప్పుడు మెట్ల మీద కూర్చుని, ఆ శివుడికి ఇక్కడ తోడున్నాడులే, ఒంటరిగా లేడు అంది.

నేను ఫోన్ తీసి ఆ మాట రాసుకున్నా. వచ్చే వీడియో దాంతోనే మొదలవుతుంది.

మీ ఇంట్లో కూడా ఇలాంటి నానమ్మ, అమ్మమ్మ, తాతయ్య ఎవరో ఉండే ఉంటారు. ఈ వారం వాళ్ళకి ఏమీ నేర్పించకండి. దేవుడి గురించి వాళ్ళు ఏం అనుకుంటారో ఒక్కసారి అడిగి, చివరిదాకా వినండి. సోమనాథుడి పుస్తకం తెరవడానికి అంతకంటే మంచి మొదలు లేదు.

ఓం నమః శివాయ. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.